సూర్యావతి చెయ్యి

భిలాయిలో ఎవరినైనా మీ ఇల్లెక్కడండీ అని అడిగితే సెక్టారు నంబరు చెబుతారు, క్వార్టరు నంబరు చెబుతారు. అది తమ ఇల్లు కాదన్న సంగతి మాత్రం చెప్పరు. స్టీలు ప్లాంటులో ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆ గుమ్మం. పెరట్లో మామిడి మొక్క నాటినా, గోడకి మేకు కొట్టి పెళ్లి ఫొటో తగిలించినా, రిటైరయ్యాక తాళాలు అప్పగించి లారీ ఎక్కాల్సిందే. అందుకే అక్కడ యాభై దాటిన మగవాళ్లు ఇద్దరు కలిస్తే ముందు మోకాళ్ల నొప్పుల గురించి, తరవాత ఇళ్ల స్థలాల గురించి మాట్లాడుకుంటారు.

కనకలతకి ఆ బెంగ లేదు. ఆమెకు దుర్గ్‌లో, స్టేషను వెనక, సొంత ఇల్లుంది. ఈ చుట్టుపక్కల ఇనుము కరుగుతుందని ఎవరూ కలలో కూడా అనుకోని రోజుల్లో తాత జగ్గయ్య కట్టిన ఇల్లు. మధ్యాహ్నం భోజనాలై, భర్త మురళీధర్ మళ్లీ ఇనుము పోత పోసే ఫౌండ్రీకి వెళ్లిపోయాక, ఆమె క్వార్టర్లో ఫాను కింద చాప వేసుకుని కళ్లు మూసుకునేది. అంతే, ఆ దుర్గ్ ఇంట్లో ఉండేది. తలుపు తియ్యక్కర్లేదు. ముందు వాసన వచ్చేది, తడి సున్నం వాసన, అందులో ఎక్కడో కొంచెం బెల్లం. తరవాత కాళ్ల కింద గచ్చు చల్లగా తగిలేది. అది నిద్రో మెలకువో ఆమెకే తెలిసేది కాదు. తెలుసుకోవాలని కూడా ఉండేది కాదు.

జగ్గయ్యది భీమిలి దగ్గర పల్లె. రైలు దారులు వేస్తున్న కాలంలో తాపీ చేతపట్టుకుని, భార్య పైడమ్మని వెంటబెట్టుకుని, వాగుల మీద వంతెనలు కట్టుకుంటూ ఇంత దూరం వచ్చాడు. దుర్గ్ చేరాక దారి ముందుకు వెళ్లిపోయింది, ఆయన మాత్రం ఆగిపోయాడు. ఎందుకు ఆగావని ఎవరైనా అడిగితే పైడమ్మకి నెలలు నిండాయనేవాడు. పైడమ్మ ఒప్పుకునేది కాదు. తనకి నెలలు నిండితే ఆయనకి కాళ్లు అరిగాయని, ఆ మాట చెప్పుకోడానికి మొగాడికి సిగ్గని అనేది.

జీవితమంతా వంతెనలు కట్టినవాడిని ఇల్లు కట్టమంటే ఏం కడతాడు? వంతెనే కట్టాడు. మూరెడు మందం గోడలు, గదికీ గదికీ మధ్య కమానులు, పైకప్పుకి దూలాలుగా అరిగిపోయిన రైలు పట్టాలు. ఊరివాళ్లు దాన్ని పుల్‌వాలా ఇల్లు అన్నారు, అంటే వంతెనాయన ఇల్లని. స్టేషన్లోకి బండి వచ్చినప్పుడల్లా ఆ దూలాలు సన్నగా మూలిగేవి. ఒంట్లో పట్టాలున్న ఇల్లు కదా, చుట్టం పిలిస్తే పలకదా అని జగ్గయ్య నవ్వేవాడు.

ఇంటి ముందే గానుగ వేయించి, ఎద్దుల్ని కట్టి సున్నం రుబ్బించాడు. అందులో కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోయించాడు. చంటిపిల్లాడు వాసుదేవరావుని చెట్టుకొమ్మకి కట్టిన ఉయ్యాల్లో వేసి, ఆ సున్నం తట్టలు మోసింది పైడమ్మ. లోపలి గదికి ఆఖరి పూత పూసిన రోజున ఆవిడ తట్ట దించబోతుంటే నడుం పట్టేసింది. పడిపోకుండా గోడకి చెయ్యి ఆనించింది. పచ్చి సున్నంలో అయిదు వేళ్లూ దిగిపోయాయి. జగ్గయ్య నున్నగా పూసేద్దామని తాపీ ఎత్తాడు, ఏమనుకున్నాడో మళ్లీ దించేశాడు. వంతెనకి రాయి మీద దొర పేరు చెక్కుతారు, నా ఇంటికి నీ సెయ్యి సాలు అన్నాడట.

అదే ఆ ఇంటి ఆచారమైంది. కోడలు అడుగుపెట్టిన రోజున లోపలి గది గోడ మీద వేలెడు మందాన కొత్త సున్నం పూసి ఆమె కుడిచెయ్యి అద్దిస్తారు. ముత్తయిదువలు పాట అందుకుంటారు. పాట అయ్యేదాకా చెయ్యి తియ్యకూడదు. ఏటా దసరా ముందు ఇల్లంతా వెల్ల వేసినా ఆ చేతుల మీద కుంచె పడనివ్వరు. శుక్రవారం శుక్రవారం నువ్వులనూనె రాసి పసుపు అద్దుతారు. ఆడపిల్లలకి మాత్రం ఆ గోడ మీద చోటు లేదు. వాళ్లు ఇంకో గోడకి పోయేవాళ్లు కదా.

ఆ గోడ మీద రెండే చేతులు పడ్డాయి. ఒకటి పైడమ్మది. రెండోది ఆవిడ కోడలు సూర్యావతిది, అంటే వాసుదేవరావు భార్యది. విజయనగరం నుంచి వచ్చిన ఆ పిల్ల గోడ మీద చెయ్యి వేసింది, ఒక ఆడపిల్లని కన్నది, ఆ వానాకాలం జ్వరంతో పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. తీయించుకుందాం లెమ్మని అనుకుంటూనే ఉన్నారట. వాసుదేవరావు రైల్వే గార్డు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా సూర్యావతి పేరెత్తితే భుజం మీద తువ్వాలు వేసుకుని లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఆయన్ని వెళ్లగొట్టడం ఎందుకని ఇంట్లో ఆ పేరు మెల్లగా పలకడం మొదలుపెట్టారు, తరవాత అసలు మానేశారు.

ఆ ఆడపిల్లే కనకలత.

ఊహ తెలిసిన కొత్తలో ఒక మధ్యాహ్నం నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్లింది.

"ఒలే, ఇదే మీ యమ్మ. సెయ్యెట్టు" అంది.

పెట్టింది. అంత చిన్న చెయ్యి ఆ అచ్చులో ఎక్కడికో మునిగిపోయింది. బయట దుర్గ్ అంతా ఎండకి మాడిపోతుంటే అక్కడ మాత్రం చల్లగా ఉంది. ఆ తరవాత పరీక్షకి వెళ్లే ముందు పెట్టింది, జ్వరం వచ్చి తగ్గాక పెట్టింది, తండ్రి కోప్పడిన రోజున పెట్టింది. గోడ ఏమీ అనేది కాదు, వింటున్నట్టు ఉండేది. ఒకనాడు చెయ్యి అచ్చంగా సరిపోయింది, వేలికి వేలు, మణికట్టు దగ్గర గాజు నొక్కుకున్న గీతతో సహా. ఆ రోజంతా ఇంట్లో పండగలా తిరిగింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇంకో రెండేళ్లకి పెట్టి చూస్తే తన వేళ్లు అంచు దాటాయి. అమ్మకన్నా తాను పెద్దదైపోయిందని అప్పుడు తెలిసింది. గోడ దగ్గరే కూలబడి ఏడ్చింది.

పెళ్లయింది. మురళీధర్‌ది విజయనగరమే. పెళ్లయిన పదేళ్లకి అతనికి భిలాయి ప్లాంటులో ఉద్యోగం వచ్చి, కనకలత మళ్లీ పుట్టింటి పక్కకే చేరింది. సెలవు రోజున అత్తారింటికి వెళితే అల్లుడికి వరండాలో పడక్కుర్చీ, పక్కన స్టూలు మీద కాఫీ, చదువుకోడానికి పేపరు. మర్యాదకి ఎక్కడా లోటు లేదు. అల్లుడు ఆడవాళ్లు మసిలే లోపలి గదుల్లోకి రాకూడదు కనక అతను రాలేదు. ఎంతసేపూ వరండా దూలాలు చూసి మామగారి తండ్రి ఇంజినీరింగుని మెచ్చుకునేవాడు. భార్య శుక్రవారాలు ఒక్కర్తే దుర్గ్ వచ్చి నూనె గిన్నె పట్టుకుని ఏ గదిలోకి వెళుతోందో అతనికి తెలీదు, ఆమె చెప్పలేదు. అమ్మ గురించి మాట్లాడటం అన్నది ఆ ఇంట్లో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

నాయనమ్మ పోయింది, తండ్రి పోయాడు, ఇంటికి తాళం పడింది. రిటైరయ్యాక అందులోకే వెళదామని ఇద్దరూ అనుకున్నారు. డెబ్భై తొమ్మిదిలో కూతురు ఛాయ పురిటికి కనకలత విశాఖపట్నం వెళ్లి ఎండాకాలమంతా అక్కడే ఉండిపోయింది. ఇదే అదను అనుకున్నాడు మురళీధర్.

చెడ్డవాడైతే ఈ కథే లేదు. మహా మంచివాడు కావడం వల్లే వచ్చింది. ఇనుమంటే ప్రాణం, సిమెంటంటే భక్తి. తాత కట్టిన సున్నం గోడ గోరు పెట్టి గీకితే పొడి రాలేసరికి, రోగిష్టి మనిషిని చూసినట్టు జాలిపడ్డాడు. మన ఫర్నేసుల్లో ఇనుము కరిగాక మిగిలే చిట్టెంతో తయారైన సిమెంటు ఉండగా ఈ ఇంటికి ఈ గతేమిటని, భిలాయిలోనే క్యాంప్ 2 అనే పేట నుంచి ధర్మారావు అనే మేస్త్రిని పిలిపించాడు. ముందు గది నుంచి వంటింటి దాకా రెండు పూతలు, గట్టిగా, అంగుళం జాగా వదలకుండా పూయించాడు. లోపలి గదిలో ఒకచోట నూనె జిడ్డుతో నల్లబడ్డ పల్లాలు రెండు కనిపించాయి. చీకటి గది కదా, ఆడవాళ్లు దీపాలు పెట్టుకున్న గూళ్లేమో అనుకున్నాడు. పూడ్చెయ్యమన్నాడు. ఆ పైన లేత ఆకుపచ్చ రంగు.

కనకలత దుర్గ్ స్టేషన్లో దిగగానే క్వార్టరుకి తీసుకెళ్లకుండా నేరుగా అక్కడికే తీసుకెళ్లాడు. ఆమె ఒక్కొక్క గది దాటి లోపలి గదిలోకి వచ్చి నిలబడింది. గోడ కంచంలా నున్నగా ఉంది.

"ఏటి కనకం, పలకవేటి? నచ్చలేదా?" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఎండకి కమిలిన చేతుల మీద ఆకుపచ్చ చుక్కలింకా వదల్లేదు.

బాగుందంది. ఆ ఒక్క మాటతో ఆమె తల్లి రెండోసారి పోయింది.

ఎందుకు చెప్పలేదంటే ఏం చెబుతాం. చెప్పినా చెయ్యి తిరిగి రాదు, ఆయన మొహంలో ఆ వెలుగూ పోతుంది అనుకుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మనే అడగాలంటే ఎవరినడగాలో ఎవరూ చెప్పరు.

ఆ తరవాత మధ్యాహ్నం నిద్రలు మారిపోయాయి. కళ్లు మూసుకుంటే ఆ ఇంట్లోకి వెళ్లేది గాని, సున్నం వాసన వచ్చేది కాదు. గదులన్నీ ఆకుపచ్చగా, నీళ్ల అడుగున ఉన్నట్టు ఉండేవి. గోడ పొడుగునా చెయ్యి రాసుకుంటూ నడిచేది. కమాను దాటితే మరో కమాను వచ్చేది, దాని వెనక ఇంకో గది. ఎక్కడా వేలు దిగే చోటు లేదు. గోడ వెనక నుంచి ఎవరో మెల్లగా తడుతున్నట్టుండేది. ఉలిక్కిపడి లేస్తే పై క్వార్టరువాళ్లు కారం దంచుతున్న చప్పుడు.

ఇంటికీ జబ్బు చేసింది. మొదటి వానాకాలానికే గోడలు చెమర్చాయి. రెండో ఏడు రంగు బొబ్బలెక్కింది. మురళీధర్ ఇంకో పూత వేయించాడు, సిమెంటులో ఏదో పొడి కలిపించాడు. ఆ పై ఏడు మరింత చెమర్చింది. ప్లాంటులో ఎంత పెద్ద పోతకైనా లోపం ఎక్కడుందో చెప్పగలిగిన మనిషి, తన ఇంటి గోడ ముందు చేతులు నడుముకి పెట్టుకుని నిలబడిపోయేవాడు. కనకలతకి తెలుసు. గోడ వానాకాలం నీళ్లు తాగి ఎండాకాలం ఊపిరి వదులుతుందని, దాని నోరు మూస్తే చస్తుందని నాయనమ్మ ఎన్నిసార్లు అనలేదు! తెలిసీ ఊరుకుంది. నా నోరు మూసుకుపోలేదా, దానిదీ అంతే అన్న కక్ష ఎక్కడో ఉంది. ఆ ఏళ్లలో కనకలత చేసిన పులుసుల్లో కూడా ఆ కారం తగిలేదని ఛాయ తరవాత నవ్వుతూ చెప్పేది.

ఎనభై నాలుగులో వానలు తగ్గాయి. రిటైర్‌మెంటు దగ్గరపడింది. ఒక ఆదివారం పొద్దున్న మురళీధర్ ఆమెను స్కూటరు మీద దుర్గ్ తీసుకెళ్లి, వరండాలో పాత పడక్కుర్చీలో కూచోబెట్టి, చుట్టిన కాగితం విప్పి చూపించాడు. కొత్త డాబా ప్లాను. ఈ ఇల్లు ఇంక బాగుపడదని తేలిపోయింది. పక్కనున్న ఉతై ఊరి నుంచి పడగొట్టేవాళ్లు రేపే వస్తున్నారు. పట్టాలు తీసి జాగ్రత్త చేద్దాం, కొత్తింట్లో ఒకటి గుర్తుగా వాడదాం అని చెప్పుకుపోతున్నాడు.

కనకలత కాగితం వైపు చూడలేదు. సిమెంటు వెనక ఉన్నా ఉందిలే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపింది. రేపటితో ఆ మాట కూడా ఉండదు.

"లోపలి గది గోడ పడగొట్టకండి" అంది.

"ఎందుకేటి?"

"అందులో మా అమ్మ ఉంది."

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. పైడమ్మ నడుం పట్టేసిన రోజు దగ్గర్నుంచి మొదలుపెట్టి, కోడళ్ల పాట, శుక్రవారం నూనె, చెయ్యి సరిపోయిన రోజు, దాటిపోయిన రోజు, విశాఖ నుంచి వచ్చి బాగుందన్న రోజు, అన్నీ చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. ఇన్నేళ్లు లోపల ఎన్నిసార్లు చెప్పుకుందో.

మురళీధర్ కాగితం చుట్టేశాడు. "ముప్ఫయ్యేళ్ల పైన కాపరం చేసి నాకు ఒక్క మాటు చెప్పలేదేటి కనకం?"

"ఆవిడ పేరెత్తితే మా ఇంట్లో మగాళ్లు లేచి వెళ్లిపోయేవారు. మీరూ వెళ్లిపోతారేమోనని."

ఆయన లేచాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. కనకలత కళ్లు మూసుకుంది. అనుకున్నదే అయింది, ఇందుకే కదా చెప్పనిది అనుకుంది. కాసేపటికి స్కూటరు డిక్కీ మూసిన చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా చిన్న సుత్తి, ఉలి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎక్కడో చూపించు" అన్నాడు.

ఆమెకు కొలత అక్కర్లేదు. ఆకుపచ్చ గోడ ముందు నిలబడి చెయ్యెత్తితే అదే వెళ్లి ఆగింది. ఆయన సుత్తి వెనక వైపుతో మెల్లగా తట్టి చెవి ఆనించాడు. ఫౌండ్రీలో పోత గట్టిదో బోలో మోగించి చూస్తారు, ఆయన బతుకంతా అదే పని. అక్కడ గోడ బోలుగా పలికింది. సిమెంటు సున్నాన్ని ఎప్పుడో వదిలేసింది. వదిలినంత మేరా సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీత వెంబడి ఉలితో, గుడ్డు పెంకు తీస్తున్నట్టు తొలచుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం దాటింది. తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత తియ్యలేదు. చివరికి పళ్లెమంత పలక కదిలింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, నేలమీద పరిచిన గోనెసంచి మీదకి ఆకుపచ్చ వైపు పైకి ఉండేట్టు దించారు.

గోడలో చెయ్యి లేదు.

తెల్లటి ఉప్పు బూజు పట్టి ఉంది. వాళ్లు చూస్తుండగానే లోపలి సున్నం పిండిలా జారి వాళ్ల పాదాల మీద పడింది. కనకలత గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టింది, ఆపుదామని. వేళ్ల సందుల్లోంచి అది కూడా రాలిపోయింది. ఇటుకలు బయటపడ్డాయి. పక్కన నాయనమ్మ చెయ్యీ అంతే అయి ఉంటుంది, చూడక్కర్లేదు.

"నేనే చేశాను" అన్నాడు మురళీధర్.

"అవును, మీరే" అంది కనకలత. అని నేలమీద కూచుండిపోయింది. కాదులెండి అని ఉంటే బాగుండేదని ఆయనకీ అనిపించలేదు, ఆవిడకీ అనిపించలేదు.

ఆయనకి ఊరికే నిలబడటం చేతకాదు. ఏదో ఒకటి సర్దాలి కనక ఆ పలకని పక్కకి జరుపుదామని వంగి, అడుగున వేళ్లు పెట్టాడు. పెట్టినవాడు అలాగే ఆగిపోయాడు. కనిపించని వైపు వేళ్లతో తడిమాడు. మళ్లీ తడిమాడు.

"కనకం. ఆ చేతికి నూనె రాసేవారన్నావు కదూ?"

"ఆ. ప్రతి శుక్రవారం."

"మేం మూసలో ఇనుము పోసే ముందు లోపల పూత రాస్తాం. రాయకపోతే పోత మూసని వదలదు." ఆయన పలక అంచు పట్టుకున్నాడు. "మీ నాయనమ్మా నువ్వూ ఇన్నేళ్లూ మూసకి నూనె రాశారే. ఇలా రా. ఒక చెయ్యి వెయ్యి."

ఇద్దరూ కలిసి పలకని తిరగేశారు.

బూడిదరంగు సిమెంటులోంచి ఒక అరచెయ్యి పైకి వచ్చి ఉంది. అచ్చు కాదు, చెయ్యే. లేత వేళ్లు, కొంచెం వంగిన చిటికెన వేలు, అరచేతిలో గీతలు, మణికట్టుకి ఉబ్బెత్తుగా గాజు గీత. వేళ్ల మొదళ్లలో పసుపు ఇంకా అంటుకుని ఉంది. కనకలతకి తెలిసిన అమ్మ ఎప్పుడూ గోడలోపలికి వెళ్లిపోయిన అమ్మ. ఇది ఇటు వస్తోంది. ఇరవయ్యేళ్లు కూడా నిండని పిల్ల, రా అన్నట్టు చెయ్యి చాపింది.

ఆమె అలవాటుగా కుడిచెయ్యి పెట్టింది. కుదరలేదు. బొటనవేలు అటుపక్కకి పోయింది. ఒక్క క్షణం గాభరాపడింది. అప్పుడు ఎడమచెయ్యి పెట్టి చూసింది. అరచేతికి అరచెయ్యి, వేలికి వేలు ఆనింది. ముడతలు పడ్డ ఆమె ఎడమచెయ్యి, సూర్యావతి కుడిచెయ్యి కలిసి నమస్కారమైంది.

స్టేషన్లోకి బండి వచ్చింది కాబోలు, పైన పట్టాలు సన్నగా మూలిగాయి.

చాలాసేపటికి మురళీధర్, ఉతై వాళ్లకి రావద్దని కబురు చెయ్యాలి, గానుగ సున్నం ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవాలి, చీకటి పడకుండా బయల్దేరదామా అని అడిగాడు.

"ఉండండి" అంది కనకలత, చెయ్యి తియ్యకుండానే. "పాట అవ్వాలి."

అక్కడ ఎవరూ పాడటం లేదు. అయినా ఆయన సుత్తి పక్కన పెట్టి, ఆ సున్నపు పొడిలోనే ఆమె పక్కన కూచున్నాడు, పాట అయ్యేదాకా.